పద్యం ఏ ఊళ్ళో ఉండాలి?

ఒంటరిగా తిరిగేవారికి ప్రయాణంలో చివరి రోజు ఒక చిక్కు. పెట్టె సర్దడం పొద్దున్నే అయిపోతుంది. బండి ఏ రాత్రికో ఉంటుంది. మధ్యలో పది పన్నెండు గంటలు మిగులుతాయి. వెంట ఇంకొకరుంటే వారి ఇష్టమూ మన ఇష్టమూ కలిసి ఏదో ఒకటి తేలుతుంది. ఒక్కరమే ఉన్నప్పుడు మాత్రం, ఇంకా చూడనివాటి జాబితా ఒకటి చేతబట్టుకుని, వాటిలో ఎన్నిటిని ముట్టుకుని రాగలమా అని లెక్కలు వేసుకుంటూ పరుగెత్తడం మొదలవుతుంది. నేనూ చాలాకాలం అలాగే పరుగెత్తాను. ఇంటికొచ్చి ఫొటోలు చూసుకుంటే ఏ గుడి ఏ ఊరిదో గుర్తుండేది కాదు.

ఈమధ్య కాలంలో అటువంటి చివరి రోజులు నాకు రెండు దక్కాయి. ఒకటి జపానులోని నారా నగరంలో. రెండవది మా అద్దంకిలో. ఈ రెండు ఊళ్ళకూ పోలికేమిటని నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు. రెండూ ఒకప్పటి రాజధానులే, రెండూ ఆ హోదాను కొద్దికాలానికే పోగొట్టుకున్నవే. ఆ రెండు రోజులనూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాక నాకొక అభిప్రాయం ఏర్పడింది. దాన్ని ముందే చెప్పేస్తాను. ఒక ఊరు చూడదగినది కావాలంటే ఆ ఊరి మాట ఆ ఊళ్ళో చదువుకోవడానికి దొరకాలి. మన ఊళ్ళకు కొదవైనది గుళ్ళూ గోపురాలూ కాదు, ఆ చదువుకునే వీలు.

*

ముందు నారా సంగతి.

పని మీద మూడు వారాలు ఒసాకాలో ఉన్నాను. తిరుగు విమానం అర్ధరాత్రి ప్రాంతంలో. ఆ రోజు ఆదివారం, నవంబరు నెల. ఒసాకా నుంచి నారాకు రైల్లో ముప్పావుగంట ప్రయాణం. 710 నుంచి 784 దాకా అది జపాను రాజధాని. ఆ తరువాత రాజులు వెళ్ళిపోయారు. గుళ్ళు, అడవి, జింకలు మిగిలాయి. జింకలు అక్కడి కసుగా దేవళపు దేవతలకు దూతలని నమ్మకం. ఊళ్ళో యథేచ్ఛగా తిరుగుతాయి. బిళ్ళలవంటి బిస్కెట్లు కొని చూపిస్తే తలవంచి నమస్కారం పెడతాయి. ఇవ్వడం ఆలస్యమైతే చొక్కా పట్టుకుని లాగుతాయి. నా చొక్కానూ లాగాయి.

అక్కడినుంచి తోదాయ్‌జీ ఆలయానికి వెళ్ళాను. లోపల దాదాపు పదిహేను మీటర్ల ఎత్తున కంచు బుద్ధుడు కూర్చుని ఉంటాడు. ఆ విగ్రహానికి 752లో నేత్రోన్మీలనం చేసినవాడు బోధిసేనుడనే భారతీయ భిక్షువు. దక్షిణ భారతదేశపు బ్రాహ్మణుడని జపాను గ్రంథాలు ఆయనను చెబుతాయి. ఆయన 736లో జపాను చేరాడు. కళ్ళు దిద్దిన తూలికకు పొడవాటి దారాలు కట్టి, కింద నిలబడినవారందరూ ఆ దారాలు పట్టుకునేలా చేశారట. చిత్రించే చెయ్యి ఒకటే అయినా పుణ్యం అందరికీ అందాలని! ఆ తూలిక, ఆ దారం ఇప్పటికీ షోసోయిన్ అనే భాండాగారపు నిధులలో ఉన్నాయి. ఆలయ మందిరం మాత్రం ఆనాటిది కాదు. 1180లోనూ 1567లోనూ యుద్ధాలలో కాలిపోయింది. ఇప్పుడున్న మందిరం 1709 నాటిది.

ఇక్కడికి మధ్యాహ్నం దాటింది. నా జాబితాలో ఇంకా అయిదు పేర్లున్నాయి. కాళ్ళు మాత్రం అయిదింటికీ ఒప్పుకోలేదు. దగ్గరలో కూర్చోవడానికి వీలున్న చోటు ఏదైనా ఉందా అని చూస్తే, కసుగా దేవళం పక్కనే ఒక తోట ఉందని తెలిసింది. పేరు మన్యోషు వృక్షోద్యానం. 1932లో తెరిచారు. టిక్కెట్టు కొని లోపలికి వెళ్ళాను, కూర్చోవడానికే.

మన్యోషు అనేది జపాను భాషలో మనకు దొరుకుతున్న అతి ప్రాచీన పద్య సంకలనం. ఎనిమిదో శతాబ్దపు ఉత్తరార్ధంలో కూర్చారు. ఇరవై సంపుటాలు, నాలుగున్నర వేల పద్యాలు. చక్రవర్తులు చెప్పినవీ ఉన్నాయి, సరిహద్దు కాపలాకు వెళ్ళిన అనామక సైనికులు చెప్పినవీ ఉన్నాయి. అప్పటికి వారికి సొంత లిపి లేదు. చైనా అక్షరాలనే శబ్దం కోసం వాడుకుని తమ భాషను రాసుకున్నారు. ఆ పద్యాలలో ఏయే చెట్టూ చేమా ప్రస్తావనకు వచ్చాయో వాటిని తెచ్చి ఆ తోటలో నాటారు. ప్రతి మొక్క పక్కనా చిన్న పలక. దాని మీద మొక్క పేరు, అది వచ్చిన పద్యం. అంతే. తోటకు అంతకుమించిన ఆడంబరం లేదు.

అక్కడ ఆకులు రాల్చుకుంటున్న ఒక పొద దగ్గర ఒక పెద్దాయన పలక తుడుస్తూ కనిపించారు. ఆ పొద పేరు హాగి. మన్యోషులో అన్ని మొక్కలకంటే ఎక్కువ పద్యాలు దాని మీదే ఉన్నాయి, దాదాపు 140. పద్యం చదవమని సైగ చేశాను. ఆయన నిటారుగా నిలబడి చదివారు. తరువాత వేళ్ళు మడిచి లెక్క చూపించారు. అయిదు, ఏడు, అయిదు, ఏడు, ఏడు. మన ఇళ్ళలో తాతలు గురులఘువులు లెక్కపెట్టి చూపించినట్టే ఉంది.

అప్పుడాయన ఫోనులోని అనువాద యంత్రం సాయంతో నన్నొక ప్రశ్న అడిగారు. మీ భాషలో మొదటి పద్యం ఏది?

ఈ ప్రశ్నకు జవాబు నాకు ఎప్పుడో తెలుసు. గర్వంగా చెప్పాను కూడా. 848వ సంవత్సరం, రాతి మీద చెక్కినది, మా ఊరిదే, అద్దంకి శాసనం అన్నాను. ఆయన ముఖం వికసించింది. ఫోను నా నోటి దగ్గర పెట్టి, చదవండి అన్నట్టుగా తల ఊపారు.

నాకు రాదు.

ఒక్క పాదం రాదు. మొదటి మాట ఏమిటో కూడా తెలియదు. పండరంగడి పేరు తెలుసు, సంవత్సరం తెలుసు, ఛందస్సు తరువోజ అని తెలుసు. చదువుకునే రోజుల్లో ఒక మార్కు ప్రశ్నగా వచ్చినవన్నీ తెలుసు. పద్యమే తెలియదు. మరచిపోయానని అబద్ధం చెప్పాను. ఆయన పర్వాలేదన్నట్టు చిన్నగా వంగి నమస్కరించి, మళ్ళీ పలక తుడుచుకోవడంలో పడ్డారు. ఆ సాయంత్రం రైల్లో నాకు కంచు బుద్ధుడి కంటే ఆ అబద్ధమే ఎక్కువ గుర్తుకొచ్చింది.

జపానులో ఇంకొక ఆచారం ఉంది. పాత పద్యంలో ఒక కొండ పేరో వాగు పేరో వస్తే, ఆ కొండ దగ్గరో వాగు ఒడ్డునో ఒక రాయి నిలబెట్టి ఆ పద్యాన్ని చెక్కుతారు. పద్యశిలలన్నమాట. నారా పరిసరాలలో, ముఖ్యంగా యామనోబే అనే పురాతన బాట వెంట, ఇవి చాలా ఉన్నాయి. అంటే, కాగితం మీద మాత్రమే మిగిలిన పద్యానికి వాళ్ళు వెతికి వెతికి రాయిని సంపాదించి పెట్టారు. మన పద్యం పుట్టడమే రాయి మీద పుట్టింది. రాయి ఊరొదిలి వెళ్ళింది, దానితోపాటు పద్యాన్నీ మనం ఊళ్ళోంచి పంపించేశాం.

*

ఇక అద్దంకి సంగతి.

నేను పుట్టినప్పుడు మా ఊరు ప్రకాశం జిల్లాలో ఉండేది. 2022లో బాపట్ల జిల్లాలో కలిపారు. జిల్లాల గీతలు మారుతుంటాయి. ఊరు మాత్రం గుండ్లకమ్మ వాగును అంటిపెట్టుకుని అక్కడే ఉంటుంది. నారా నుంచి వచ్చిన కొన్ని నెలలకు, ఫిబ్రవరిలో, ఒక పొలం కాగితాల పని మీద అక్కడికి వెళ్ళాను. పని మూడు రోజులకు తెమిలింది. హైదరాబాదు బస్సు రాత్రికి. దగ్గరి బంధువులెవరూ ఊళ్ళో లేరు. పొద్దున్న నుంచి రాత్రి దాకా నేనొక్కడినే. నారాలో ఎలా తిరిగానో ఇక్కడా అలాగే, ఊరు తెలియని మనిషిలా తిరిగి చూద్దామనుకున్నాను.

బస్టాండు దగ్గర టీ కొట్టులో అడిగాను, "ఇక్కడ చూడదగినవి ఏమున్నాయి?" అని.

"సింగరకొండ పోయి దణ్ణం పెట్టుకుని రండి సార్. ఇంకేముంది చూసేదానికి?" అన్నాడతను.

సింగరకొండ పేరులోనే నరసింహుడున్నాడు. ఆయన గుడి కొండ మీద. కొండ కింద, భవనాశి చెరువు పక్కన, ప్రసన్నాంజనేయస్వామి. చిన్నప్పుడు తిరునాళ్ళకు ఎడ్లబండ్ల మధ్యనుంచి నడిచి వెళ్ళిన దారిలో ఇప్పుడు ఆటోలో వెళ్ళాను. ఆంజనేయుడికి దణ్ణం పెట్టుకుని కొండెక్కాను. పైనుంచి చూస్తే చుట్టూ మైదానం. పత్తి ఏరడం అయిపోయిన చేలు గోధుమరంగులో, అక్కడక్కడా కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయలు ఎర్రటి దుప్పట్లలా. నవంబరులో నారా కొండల మీద మేపుల్ ఆకుల ఎరుపు చూడటానికి జనం రైళ్ళ నిండా వస్తారు. మా ఎరుపును చూడటానికి ఎవరూ రారు, కొనడానికి వస్తారు. ఆ మాటకొస్తే మిరపకాయ కూడా మనకు అంత పాతది కాదు. పోర్చుగీసువారి ఓడల్లో పదహారో శతాబ్దంలో దిగింది. పండరంగడు గానీ ఎర్రాప్రగడ గానీ మిరపకాయ రుచి ఎరగరు. ఈ నేలను ఈరోజు పోషిస్తున్న పంటకంటే ఈ నేల మీద చెక్కిన పద్యం ఏడువందల ఏళ్ళు పెద్దది.

కొండ దిగి ఊళ్ళోకి వచ్చాక శాసనం గురించి అడగడం మొదలుపెట్టాను. బస్టాండులో డిగ్రీ చదువుతున్న కుర్రాడొకడు పోటీ పరీక్షల పుస్తకం పట్టుకుని కూర్చుని ఉన్నాడు. అడగ్గానే తడుముకోకుండా చెప్పాడు.

"ఎనిమిదివందల నలభై ఎనిమిది సార్. పండరంగడు. తూర్పు చాళుక్యులు, గుణగ విజయాదిత్యుడు. తరువోజ. గ్యారంటీగా ఒక బిట్టు వస్తుంది సార్."

"పద్యం వచ్చా బాబూ?"

"పద్యం అడగరు సార్."

ఆ అబ్బాయి మీద నాకు కోపం రాలేదు. నారాలో నేను ఇచ్చిన జవాబే అతను ఇచ్చాడు. ఇంకా నిజాయితీగా ఇచ్చాడు, మరచిపోయానని చెప్పలేదు. పద్యం చుట్టూ ఉన్న సమాచారమంతా మనకు నేర్పారు. పద్యాన్ని మాత్రం ఎవరూ అడగరు గనక ఎవరూ నేర్పలేదు.

*

రాయి ఎక్కడుందో చాలామందికి తెలిసిందే. అద్దంకి శాసనం మద్రాసు మ్యూజియానికి చేరింది. ఇందులో దొంగతనం ఏమీ లేదు. అప్పుడు మనమంతా మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. 1851లో మొదలైన ఆ మ్యూజియమే మన శిల్పాలకూ శాసనాలకూ దిక్కు. అమరావతి స్తూపపు శిల్పాలు అక్కడికి చేరినట్టే, కొన్ని సముద్రాలు దాటి లండనుకు కూడా వెళ్ళినట్టే, ఇదీ వెళ్ళింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు సరిహద్దు కదిలింది, మ్యూజియం కదలలేదు. ఒక విధంగా అక్కడికి వెళ్ళబట్టే బతికిందేమో. గట్టు రాళ్ళలో కలిసిపోయిన శాసనాలు, బట్టలుతికే బండలైపోయిన శాసనాలు మన ఊళ్ళలో మనందరం చూసినవే.

రాయి తిరిగి రావాలని కోరేవారున్నారు. మంచి కోరికే. నేను వ్యతిరేకిని కాను. కాకపోతే రెండు రాష్ట్రాలు ఒప్పుకోవాలి, కాగితాలు కదలాలి, వచ్చాక పెట్టడానికి నీడ కావాలి, కాపలా కావాలి. ఇవన్నీ అయ్యేదాకా ఏమీ చేయనక్కరలేదన్న ధీమా ఈ కోరికలో దాగి ఉందేమోనని నా అనుమానం. రాయి రావడానికి ప్రభుత్వాలు కావాలి. పద్యం రావడానికి ఒక పలక చాలు.

ఇంతకీ ఆ పద్యంలో ఏముంది? నారా నుంచి వచ్చాక సిగ్గుపడి, శాసనాల పుస్తకం ఒకటి సంపాదించి ఒక నోటుబుక్కులోకి రాసుకున్నాను. ఒక్క తరువోజ, నాలుగు పెద్ద పాదాలు, ఆ వెంట కొంత వచనం. తరువోజ పాదం రెండు ద్విపద పాదాలు కలిపినట్టుంటుంది. రోకటి పాటల నడకకు దగ్గరదని ఛందస్సు తెలిసినవారు అంటారు. పైకి చదివితే ఆ ఊపు తెలుస్తుంది. ఏలిక పట్టాభిషేకమైన తొలి ఏడే పండరంగడు సేనతో బయలుదేరి పన్నెండు బోయ కొట్టాలను పట్టుకున్నాడు. కట్టెపు దుర్గాన్ని నేలమట్టం చేశాడు. కందుకూరును బెజవాడ అంతటిదిగా నిలబెట్టాడు. పద్యం చెప్పేది ఇంతే. వచనభాగంలో, ఆదిత్య భట్టారకుడికి, అంటే సూర్యదేవుడికి, ధర్మవరంలో నేల దానమిచ్చిన సంగతి ఉంది. ఇప్పటిదాకా దొరికిన తెలుగు పద్యశాసనాలలో ఇది మొదటిదిగా ప్రసిద్ధం. నన్నయకు దాదాపు రెండువందల ఏళ్ళ ముందటిది. 2008లో తెలుగుకు ప్రాచీన హోదా వచ్చినప్పుడు మనం సంబరంగా చెప్పుకున్న పాత శాసనాలలో ఇదీ ఒకటి.

ఆ పేర్లు చూడండి. కందుకూరు, బెజవాడ, ధర్మవరం. అన్నీ ఇప్పటికీ ఉన్న ఊళ్ళు. అద్దంకి బస్టాండులో నిలబడితే బస్సో ఆటోనో ఎక్కి వెళ్ళగలిగినవి. ఆ పద్యమే ఒక యాత్రికుడి చేతిలో ఉండదగిన పటం. అందుకని మధ్యాహ్నం భోజనం చేసి, ఆటో మాట్లాడుకుని, దగ్గరలోనే ఉన్న ధర్మవరం వెళ్ళాను.

ఊరి బయట కళ్ళంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఒక పెద్దావిడ కూర్చుని తాలుకాయలు ఏరుతోంది. నన్ను చూసి, "ఏందయ్యా, కాయలు కొనేదానికొచ్చావా?" అంది.

"లేదమ్మా, ఊరు చూద్దామని వచ్చాను."

"ఈ ఊళ్ళో చూసేదానికేముందయ్యా!"

పొద్దున్న టీ కొట్టులో విన్న మాటే. "పన్నెండువందల ఏళ్ళ కింద ఈ ఊరి నేల సూర్యుడికి రాసిచ్చారంటమ్మా. రాయి మీద ఉంది," అన్నాను.

ఆవిడ కాసేపు ఆలోచించి, కళ్ళం వైపు చెయ్యి చూపించి, "ఇప్పుడు మాత్రం? అంతా ఆయనకే అప్పజెప్పి కూర్చున్నాంగా," అంది. మబ్బు పడితే కాయ రంగు మారుతుంది, రంగు మారితే గుంటూరు యార్డులో ధర పడిపోతుంది. ఆవిడకు ఆదిత్య భట్టారకుడి గురించి ఏ పండితుడూ చెప్పనక్కరలేదు. ఆ ఊరి మాట ఆ ఊళ్ళో రాసి ఉంటే నాకంటే బాగా చదువుకోగలిగిన మనిషి ఆవిడ.

*

నాకు ఎదురయ్యే ప్రశ్నలు ఊహించగలను.

మొదటిది, జపాను డబ్బున్న దేశం, మనకెలా కుదురుతుంది? నేను చూసిన తోటలోని పలకకు మన ఊరి కూడలిలో పుట్టినరోజు ఫ్లెక్సీకంటే ఎక్కువ ఖర్చు ఉండదు. ఖర్చు కారణం కాదు.

రెండవది, రైతుకు నీళ్ళూ ధరా లేనప్పుడు పద్యమెందుకు? ఇది బరువైన ప్రశ్న. గుండ్లకమ్మ మీద మల్లవరం దగ్గర 2008లో జలాశయం వచ్చింది. దాని గేటు ఒకటి 2022లో విరిగి నీళ్ళన్నీ సముద్రం పాలయ్యాయి, 2023 డిసెంబరు తుపానులో ఇంకొకటి కొట్టుకుపోయింది. ఇవి తెలిసి కూడా పలకల గురించి మాట్లాడటం విలాసమే కావచ్చు. కానీ పద్యం పెట్టకపోవడం వల్ల గేటుకు మరమ్మతు జరగలేదు. ఒకదాన్ని అడ్డుపెట్టి ఇంకొకదాన్ని ఆపేవారు సాధారణంగా రెండూ చేయరు.

మూడవ ప్రశ్న నాకు నేనే వేసుకున్నది. పాత పద్యాన్ని నడివీధిలో నిలబెడితే అది గర్వానికే పనికొస్తుందేమో? ఈ భయం ఉత్తది కాదు. మన్యోషులోని ఒక దీర్ఘకవితలో, చక్రవర్తి కోసం ప్రాణాలివ్వడాన్ని కీర్తించే మాటలున్నాయి. 1937లో వాటికి బాణీ కట్టారు. యుద్ధకాలంలో ఎందరో యువకులను ఆ పాట పాడి చావుకు సాగనంపారు. పూలమొక్కల పక్కన పలకలుగా ఉన్నదీ ఆ గ్రంథమే, యువకుల చావుకు బాణీ అయినదీ ఆ గ్రంథమే. మన పండరంగడి పద్యమూ విజయగాథే. పన్నెండు కొట్టాలలోని బోయలు ఏం పోగొట్టుకున్నారో అందులో లేదు. వారి పేర్లు లేవు, వారు చెప్పుకున్న పద్యాలేవైనా ఉంటే అవి లేవు. కానీ వారు ఉన్నారనీ, పన్నెండు చోట్ల ఉన్నారనీ, సేన వస్తేగానీ లొంగలేదనీ మనకు చెబుతున్నది మళ్ళీ ఈ పద్యమే. బిట్టు ప్రశ్నలో గెలిచినవాడి పేరొక్కటే మిగులుతుంది. పద్యం మొత్తం చదివితే ఓడినవారూ కనబడతారు. గర్వానికి విరుగుడు పద్యాన్ని దాచడం కాదు, పూర్తిగా చదవడం, చదివాక అడగడం.

అద్దంకికి చెప్పుకోదగిన మాట ఇంకొకటుంది. 1325లో ప్రోలయ వేమారెడ్డి ఈ ఊరిని రాజధాని చేసుకున్నాడు. కొడుకు అనవోతారెడ్డి కాలంలో రాజధాని కొండవీడుకు మారింది. మధ్యలోని ఆ కొద్ది దశాబ్దాలలో ఎర్రాప్రగడ వేమారెడ్డి ఆస్థానంలో ఉన్నాడు, హరివంశాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. అరణ్యపర్వం మధ్యలో నన్నయ ఆగిపోయిన చోట శరత్కాలపు రాత్రి ఉంది. ఎర్రన అందుకున్న చోట శరత్కాలపు ఉదయం ఉంది. ఒకరి చివరి పద్యం దగ్గర ఇంకొకరు మొదలుపెట్టారు. మూడువందల ఏళ్ళ దూరాన్ని ఎర్రన ఒక రాత్రి గడిచినంత తేలికగా దాటించాడు. అద్దంకిలో ఏ బడి గోడ మీదనైనా ఈ రెండు పద్యాలూ పక్కపక్కన రాసి ఉంటే, తెలుగు చదవగలిగిన ఏ యాత్రికుడైనా ఆగి నిలబడి చదువుతాడు. నేను తిరిగిన దారుల్లో నాకు అటువంటి గోడ కనబడలేదు.

కాబట్టి నేను కోరేది చిన్నది. శాసనపాఠం ఆనాటి లిపిలో ఒక వరుస, ఈనాటి లిపిలో ఒక వరుస, కింద మామూలు తెలుగులో భావం, అందులో బోయల గురించి కూడా రెండు మాటలు. ఇది అద్దంకి బస్టాండులో ఒకటి, బడిలో ఒకటి, ధర్మవరంలో ఒకటి ఉండాలి. కందుకూరులోనూ ఒకటి. రాయి వచ్చిననాడు వస్తుంది.

మనబోటివాళ్ళకు దీనిలో పని ఉంది. తెలుగు తెర మీద పెట్టెలు పెట్టెలుగా కనబడే రోజుల్లో, అక్షరం అక్షరం కూడబలుక్కుని యూనికోడులో రాయడం మొదలుపెట్టినవాళ్ళం మనం. రాయి మోసుకురావడం మన చేతిలో లేకపోయినా పాఠం మోసుకురావడం మన చేతిలోనే ఉంది. మీ ఊరి శాసనం ఏదో కనుక్కోండి. ప్రతి పాత ఊరికీ ఒకటుంటుంది, కనీసం పక్క ఊరికైనా ఉంటుంది. పాఠం, భావం, అది దొరికిన చోటు, ఇప్పుడున్న చోటు, వీలైతే ఒక ఫొటో, ఇవన్నీ కలిపి ఒక టపా రాయండి. రేపు ఎవడో ఒంటరిగా మీ ఊళ్ళో దిగి, బస్సుకు ఇంకా ఎనిమిది గంటలుండగా, "ఇక్కడ చూసేదానికేముంది?" అని ఫోనులో వెతికితే ఆ పద్యం వాడికి దొరకాలి.

*

సాయంత్రం ధర్మవరం నుంచి వచ్చేసరికి ఆ కుర్రాడు ఇంకా బస్టాండులోనే ఉన్నాడు. పక్కన కూర్చుని నోటుబుక్కు తీశాను. పరీక్షలో అడగరు గానీ ఒకసారి విను బాబూ అని పైకి చదివాను. మొదటిసారి తడబడ్డాను. రెండోసారి ఊపు కుదిరింది. టీ కొట్టతను గ్లాసులు కడగడం ఆపి విన్నాడు.

చివరి పాదం దగ్గర కుర్రాడు నన్ను ఆపాడు. "కందుకూరు అన్నారా సార్?"

"అవును."

"మా అమ్మమ్మోళ్ళది అదే సార్. మళ్ళీ ఒకసారి చదవండి."

మళ్ళీ చదివాను. అతను పోటీ పరీక్షల పుస్తకం అట్ట లోపలివైపు ఖాళీ చూసుకుని పద్యం రాసుకున్నాడు. నా బస్సు వచ్చేసరికి మూడు పాదాలయ్యాయి. నాలుగోది కిటికీ దగ్గరనుంచి చెప్పాను.